మత్స్యగుండములోని బంగారు పొలుసుల చేపలు

అల్లూరి సీతారామరాజు జిల్లా హుకుంపేట మండలములో మఠం అను గ్రామపంచాయతీ కలదు. అచ్చట మత్స్యగెడ్డకు అడ్డముగా పెద్ద బండరాళ్ల వరుస యొకటి ఈ దరినుండి ఆ దరివరకు పరచుకొనియున్నది. గెడ్డనీరు ఆ బండల మొదట నున్న పెద్ద బిలములోనికి దూకి, కంటికి కనబడకుండ పోయి, సుమారు 100 గజముల దిగువన మరల పైకి వచ్చును. అట్లు పైకి వచ్చినచోట ఏర్పడిన మడుగునకే మత్స్యగుండమని పేరు. దరిని మత్స్యలింగేశ్వరస్వామి కోవెల యున్నది. మహాశివరాత్రికి చుట్టుపట్ల మన్యపు గ్రామములనుండియు, మైదానమునుండియు జనులు వచ్చి స్వామిని సేవించి, మడుగులోని చేపలకు మేత వేయుదురు. ఆ చేపలను మాత్రము ఎవ్వరును పట్టరు.

పాడేరు, అరకు ప్రాంతముల పంచాయతీ సభ్యులలో మత్స్యగుండమును ఎరుగనివారు అరుదు. కావున ఆ క్షేత్రమహిమను వర్ణించుట మా ఉద్దేశము కాదు. ఒక మడుగులో చేపలను పట్టక విడిచినందువలన, తక్కిన గెడ్డలో వల వేయువారికి కలుగు లాభమేమి? ఈ ప్రశ్నకు సమాధానమును గ్రామసభలలో చెప్పుకొనదగిన రీతిగా వివరించుటకే ఈ వ్యాసమును వ్రాయుచున్నాము. నేటి యువకులలో పలువురకు శాపభయము తగ్గినది. భయము తగ్గినచోట కారణము తెలిసియుండవలెను. లేనిచో కట్టుబాటు నిలువదు.

ఈ మడుగు కట్టుబాటు ఎంత పాతదో నిర్ణయించుట కష్టము గాని, 1907లో ప్రకటింపబడిన విశాఖపట్టణము జిల్లా గెజిటీరులో దీని ప్రస్తావన స్పష్టముగా కనబడుచున్నది. ఆ గ్రంథకర్త ఫ్రాన్సిస్ దొర. మఠం గ్రామము చెంత, 5,188 అడుగుల ఎత్తుగల యెండ్రిక కొండ పాదమున ఈ మడుగు ఉన్నదనియు, ఇందు చిన్నవి పెద్దవి అన్ని పరిమాణముల మహాశీర్ చేపలు క్రిక్కిరిసి యున్నవనియు, పెద్ద చేపలు మనుష్యుని చేతిలోని మేతను బెదరుపాటు లేక తినుచు, వీపు నిమిరినను ఊరకుండుననియు ఆయన వ్రాసెను. ఆనాడు కోవెల చిన్న పూరిపాక. పూజారి భగత కులస్థుడు. శివరాత్రి పూజలో చేపలకు మేత వేయుట ఒక భాగము.

ఆ గ్రంథములోనే ఒక కథయు ఉన్నది. ఎద్దులపై సరకులు వేసికొని కొండలెక్కివచ్చు బ్రింజారి వర్తకుడొకడు మడుగులోని చేపను పట్టి కూర వండుకొనెనట. చేపలరాజు కోపించి శపింపగా, అతడును అతని ఎద్దులును రాళ్లయి నిలిచిపోయిరట. ఆ రాళ్లను చూపువారు ఆనాడు ఉండిరి. వినోదమునకు చెప్పుకొను కథవలె తోచినను, దీనిలోని వివేకమును మనము గమనింపవలెను. శాపము తగిలినది ఊరివానికి కాదు, దారినపోవు పరదేశికి. మడుగు ఊరివారి రక్షణలో నున్నదనియు, బయటినుండి వచ్చినవాడు చేయి పెట్టరాదనియు ఆ కథ సంతకు వచ్చినవారందరకు చాటిచెప్పినది. చదువురాని కాలమున ఇంతకు మించిన ప్రకటనపలక మరియొకటి లేదు.

మత్స్యగుండమునకు రక్షకులుగా నిలిచినవారు మాడుగుల జమీందారులు. వారు మత్స్యవంశీయులమని చెప్పుకొనిరి. ఒడ్డాది రాజధానిగా ఏలిన మత్స్యరాజుల శాసనములలో 1269వ సంవత్సరపు దిబ్బిడ తామ్రశాసనము ప్రసిద్ధము. ఆ వంశపు మూలపురుషుడు మత్స్యగర్భమున జనించెనని అందు కలదు. మాడుగుల జమీందారులకు పట్టము కట్టునది చేప ఆకారముగల రాతి సింహాసనముపై. వారి జెండాపై చేప, వారి చేవ్రాలును చేప బొమ్మయే. కులదైవమువలె చేపను గౌరవించు ప్రభువు, మడుగు దరినే కాపురమున్న ప్రజ, ఇరువురును ఏకమైనందున కట్టుబాటు తరతరములు నిలిచినది. జమీందారీలు పోయినవి. కట్టుబాటును మాత్రము ఊరివారు వదలలేదు.

ఇక ఆ చేపను గురించి.

మహాశీర్ అనునది ఒక్క చేప పేరు కాదు. కొండవాగులలో బ్రతుకు ఒక చేపల కుటుంబమునకు వాడుక పేరు. బొచ్చె, శీలావతి మున్నగు చెరువుచేపలకు ఇవి జ్ఞాతులే. పొలుసులు చాల పెద్దవి. కొన్ని రకములలో అరచేయంత పొలుసు ఉండుటయు కలదు. వీపు పాచివన్నె, ప్రక్కలు ఎండపడినప్పుడు బంగారువలెను కంచువలెను మెరయును. రెక్కలకు ఎఱుపో పసుపో నీలమో ఛాయ యుండును. దళసరి పెదవులు, నోటిమూలల మీసములు వీని గుర్తులు. తలకంటె పొలుసులనుబట్టియే పేరు వచ్చెనని కొందరు, కాదు తలను బట్టియేనని కొందరు తర్కించుచున్నారు. ఆ తర్కమువలన మనకు ప్రయోజనము లేదు. పరిమాణమున ఇది మన దేశపు మంచినీటి చేపలలో మిక్కిలి పెద్దవానిలో ఒకటి. 1946లో కర్ణాటకమునందలి కబిని నదిలో గాలమునకు చిక్కిన మహాశీర్ 120 పౌనులు, అనగా 54 కిలోగ్రాములు తూగినది. మన కొండగెడ్డలలో చేప అంత పెరుగునని మేము చెప్పుట లేదు. గెడ్డ చిన్నదైన చేపయు చిన్నదియే.

దీని ఆహారము విచిత్రము. దరిచెట్లనుండి రాలిన పండ్లు, గింజలు, పురుగులు, నాచు, నత్తలు, చిన్నచేపలు, అన్నిటిని తినును. దవడలకు పండ్లు లేవు; గొంతులోపల పండ్లున్నవి, వానితో గింజను నత్తను నలుగగొట్టును. గెడ్డ దరిని మేడి, నేరేడు చెట్లను నరికివేసిన ఊరిలో చేపలు తగ్గినవని వృద్ధులు చెప్పినచో నవ్వవలదు. రాలిన పండు నీటిలో పడనిచో చేపకు ఒకపూట తిండి తగ్గినట్లే.

మహాశీర్ సంతానోత్పత్తిని తెలిసికొనుట మన సభ్యులకు అన్నిటికంటె ముఖ్యము. పంచాయతీ చెరువులలో చేపపిల్లలను వదలిన అనుభవము పలువురకు కలదు. శీలావతి చేప కిలోగ్రాము తూకమునకు రెండు లక్షలకు పైబడి గ్రుడ్లు పెట్టును. ఒక దినము గడవక మునుపే అవి పొదుగబడును. మహాశీర్ అట్టిది కాదు. కిలోగ్రాము తూకమునకు దాని గ్రుడ్లు కొన్ని వేలు మాత్రమే. అవి పెద్దవి, బరువైనవి. నీటి అడుగున గులకరాళ్ల సందులలో పడియుండును. పొదుగబడుటకు మూడు నాలుగు దినములు పట్టును. పుట్టిన పిల్ల వెంటనే ఈదజాలక మరికొన్ని దినములు రాళ్ల నడుమనే దాగియుండును. ఇంతకాలము చల్లని, తేటయైన, పారుచున్న నీరు దానిపై ప్రవహింపవలెను. ఒక్క గట్టివానకు దున్నిన ఏటవాలునుండి ఎఱ్ఱమట్టి కొట్టుకొనివచ్చి గులకరాళ్లపై పేరుకొనినచో ఆ యేటి సంతానమంతయు ఊపిరాడక నశించును.

తక్కువ గ్రుడ్లు, ఆలస్యముగ పెరుగుట, ఏండ్ల తరబడి జీవించుట: ఈ మూడు గుణములుగల జీవిని ఎడాపెడా పట్టినచో తిరిగి కోలుకొనుట కష్టము. పెద్దదైన తల్లిచేప మిక్కిలి విలువైనది. పది చిన్న చేపల తూకముగల ఒక పెద్ద తల్లి, అనేక సంవత్సరములు వరుసగా గ్రుడ్లు పెట్టగలదు. సంతలో ఆ పెద్ద చేపకే ధర ఎక్కువ. వలకు ముందుగా చిక్కవలెనని అందరును కోరునదియు అదియే.

మన గెడ్డల స్వభావమును ఇప్పుడు తలచుకొందము. శ్రావణ భాద్రపదములలో ఉరకలు వేయు ప్రవాహము, చైత్ర వైశాఖములలో సన్నని ధారయై, కొన్నిచోట్ల రాళ్లక్రింద ఇంకిపోయి, అక్కడక్కడ మడుగులుగా మిగులును. రెండు మూడు మైళ్ల గెడ్డలోని చేపలన్నియు ఆ మడుగులలోనికి చేరును. వేసవి మడుగు అనగా ఒక మడుగు చేపలు కాదు. ఆ పొడవునగల గెడ్డంతటి చేపలు. దానిని ఒకనాడు ఊడ్చివేసినచో, తొలకరికి గెడ్డ నిండినను అందు ఎదురెక్కి గ్రుడ్లు పెట్టవలసిన తల్లిచేప ఉండదు. అదే మడుగును విడిచినచో, వరదతోపాటు ఆ చేపలు పైకి క్రిందికి విస్తరించి, దిగువ గ్రామములవారి వలలలోనికిని గాలములకును తామే వచ్చును. మత్స్యగుండములోని బిలమునుండి వచ్చు నీటి చలువయు, బండల నీడయు, మనుష్యుని చేయి తగలకుండుటయు తల్లిచేపలకు ఏడాది పొడవునను ఆశ్రయములు.

మన్యపు ఇండ్లలో ఎంత లేమి వచ్చినను విత్తనపు చోళ్లను, విత్తనపు సామలను వండుకొనరు. అటుకపైన వేలాడుచున్న ఆ మూటను ఆకలితో నున్న బిడ్డయు ముట్టదు. పట్టరాని మడుగు గెడ్డకు అట్టి విత్తనపు మూట.

మత్స్యగెడ్డ విషయమున మరియొక సంగతి కలదు. ఈ గెడ్డ మాడుగుల కొండలలో పుట్టి, ఉత్తరముగ పారి, మాచ్‌ఖండ్ నదియై ఒడిశా సరిహద్దున సాగి, డుడుమ జలపాతమువద్ద వందల అడుగుల లోతునకు దూకును. తరువాత సీలేరు అను పేరుతో శబరిలో కలిసి, శబరి కూనవరమువద్ద గోదావరిలో కలియును. గోదావరినుండి ఎదురీదివచ్చు చేప ఏదియు డుడుమను ఎక్కజాలదు. పైగా జలపాతమునకు ఎగువన జలాపుట్ ఆనకట్ట యున్నది. 1955లో ప్రారంభమైన మాచ్‌ఖండ్ విద్యుత్ కేంద్రమునకు నీరు నిలువచేయునది అదియే. కావున ముంచంగిపుట్టు, పెదబయలు, హుకుంపేట మండలముల చేపలకు బంధువులు దిగువనుండి వచ్చి చేరు అవకాశము లేదు. ఎగువ గెడ్డలలో ఒక రకము చేప అంతరించెనా, అది తనంత తాను తిరిగి రాదు. మైదానపు ఏటిలో ఒకచోట చేప తగ్గినచో మరియొక చోటునుండి వచ్చి నిండును. కొండపై అట్టి ఆశ లేదు.

జలాపుట్ జలాశయపు నీరు నిలిచిన ఊళ్లలో నాటుపడవపై వల వేసి జీవించు కుటుంబములు ఉన్నవి. ఎగువ వాగులలో తల్లిచేపలు మిగిలియుండుటయే వారి వలకు పెట్టుబడి.

ఇట్లుండగా గెడ్డలలో ఏమి జరుగుచున్నదో సభ్యులకు మేము చెప్పవలసిన పని లేదు. రాళ్లు పగులగొట్టుటకు తెచ్చిన మందుగుండు మడుగులో పేలుచున్నది. ఆ దెబ్బకు చేప కడుపులోని గాలితిత్తి పగులును. పైకి తేలినవానిని ఏరుకొనుటయే గాని, అడుగునకు మునిగినవి ఎన్నియో లెక్కించువారు లేరు. పిల్లచేపలు, గ్రుడ్లు, వానికి తిండియగు పురుగులు సమూలముగ నశించును. త్రాగునీటి బావులకని పంచాయతీకి వచ్చిన బ్లీచింగ్ పొడిని గెడ్డలో కలుపువారును ఉన్నారు. పొలమునకు కొనిన పురుగులమందు చల్లువారును, స్తంభముమీది తీగెను నీటిలోనికి దించువారును ఉన్నారు. ఈ చివరి పని చేయుచు ప్రాణములు పోగొట్టుకొనినవారి వార్తలు పత్రికలలో చదువుచునేయున్నాము. పురుగులమందు కలిసిన నీటినే దిగువ ఊరి ఆడవారు బిందెలతో తీసికొనిపోవుదురు. ఆ చేపనే పిల్లలకు వండిపెట్టుదురు.

పూర్వము మంగకాయను దంచి నీటిలో కలిపి చేపలను మత్తెక్కించు ఆచారము మన్యమున లేదా అని కొందరు అడుగుదురు. ఉండెను. కాని నిలిచిన చిన్న మడుగులో ఊరంతయు కూడి ఏడాది కొక్కమారు చేయు పనికిని, ఒక్కడు చీకటిలో సీసా కుమ్మరించి పోవు పనికిని పోలిక లేదు. అయినను చట్టము రెండింటిని వేరుచేయలేదు. 1897వ సంవత్సరపు భారత మత్స్యపరిశ్రమ చట్టము 4వ సెక్షను చేపలకై పేలుడు పదార్థములను వాడుటను, 5వ సెక్షను విషమును సున్నమును నీటిలో కలుపుటను నిషేధించినవి. మూలచట్టములో శిక్ష రెండు నెలల ఖైదు లేదా 200 రూపాయల జరిమానా. 1897లో 200 రూపాయలు ఒక కాపుకుటుంబపు సర్వస్వము; నేడు ఒక పెద్ద చేప ధరకు చాలదు. ఊరు తన గ్రామసభలో వేయు తప్పు దీనికంటె బరువైనదని మా అభిప్రాయము.

మత్స్యగుండపు కట్టుబాటు మన కొండలకే పరిమితమని తలచరాదు. కర్ణాటకమున శృంగేరి శారదామఠము చెంత తుంగానదిలోను, దక్షిణ కన్నడ జిల్లా శిశిలవద్ద కపిలానదిలోను మహాశీర్ చేపలను దేవుని చేపలుగా కాపాడుచున్నారు. శిశిలలో 1996లో దుండగులెవరో నదిలో విషము కలుపగా వేలకొలది చేపలు చచ్చినవి. ఊరివారు వానికొక స్మారకమును కట్టిరి. భక్తి యున్నంతమాత్రమున చేపకు రక్షణ లేదనియు, కాపలాయు ఉండవలెననియు అచ్చట తెలిసివచ్చినది.

ఇంకను దూరమునకు పోదము. పసిఫిక్ మహాసముద్రములోని ఫిజీ దీవులు మనకు పూర్తిగా పరాయివి కావు. 1903 నుండి చెఱకుతోటల కూలికై మద్రాసు రేవుమీదుగా వెళ్లిన తెలుగువారి సంతతి అచ్చట నేటికిని కలదు. ఆ దీవుల చుట్టును లోతులేని సముద్రములో పగడపు దిబ్బలున్నవి. వానిపై తిరుగు చేపల రంగులకు అంతులేదు. చిలుకచేప అని ఒకటి యున్నది. పచ్చ, నీలము, గులాబి కలిసిన వన్నె. పండ్లు ఒకటిగా అతుకుకొని చిలుకముక్కువలె నుండును. ఆ ముక్కుతో పగడపు రాతిని గీకి, దానిపై పెరిగిన నాచును తిని, రాతిపొడిని తెల్లని ఇసుకగా విసర్జించును. ఇది నాచును తినకున్నచో పగడము నాచుక్రింద కప్పబడి చచ్చును. పగడము చచ్చినచో తక్కిన చేపలకు ఇల్లు లేదు. ఫిజీ గ్రామముల ఆదివాసులకు ఒక ఆచారము కలదు: పెద్దనాయకుడు చనిపోయినప్పుడు దిబ్బలో కొంత భాగమును గుర్తించి, 100 రాత్రుల వరకు అందు చేపలను పట్టరు. దానిని టంబు అందురు. గడువు తీరిన దినమున విందునకై వలలు వేసినప్పుడు చేపలు సమృద్ధిగా దొరకును. ఇటీవలి దశాబ్దములలో ఆ గ్రామములవారు దీనిని చావునకే పరిమితము చేయక, ఏండ్ల తరబడి కొన్ని దిబ్బలను మూసియుంచి, ప్రక్క దిబ్బలలో వేట సాగించుచున్నారు. మత్స్యగుండమును ఎరుగని సముద్రపు దీవివారు, సముద్రమును చూడని కొండవారు, ఒకే ఉపాయమును కనుగొనిరి. చేప రంగు వేరు, నీటి రుచి వేరు, ఉపాయము ఒక్కటియే.

గ్రామసభలో ఇంత చెప్పిన తరువాత సామాన్యముగ ఒక కోరిక వచ్చును: "ప్రభుత్వమువారు మహాశీర్ పిల్లలను తెచ్చి మా గెడ్డలో వదలవలెను" అని. కోరిక మంచిదివలె తోచును గాని తొందరపడరాదు. మహారాష్ట్రలోని లోనావ్లాలో టాటా విద్యుత్ కంపెనీవారు 1970 దశకము నుండి మహాశీర్ పిల్లలను ఉత్పత్తి చేసి అనేక రాష్ట్రములకు పంపిరి. నీలిరెక్కల మహాశీర్‌ను కావేరిలో వదలగా అది బాగుగ వృద్ధిపొందినది. కాని కావేరికి సొంతమైన మూపురపు మహాశీర్ నానాటికి క్షీణించి, 2018లో ప్రపంచ ప్రకృతి పరిరక్షణ సమితివారిచే అత్యంత ప్రమాదస్థితిలో నున్న జాతిగా ప్రకటింపబడినది. కొత్తచేప వచ్చి పాతచేప చోటును ఆక్రమించుట ఇందుకు ఒక కారణమని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. గెడ్డ మారిన చేప గుణము మారును. మన మడుగులో తల్లిచేప మిగిలియున్నంతవరకు మన విత్తనమే మనకు శ్రేష్ఠము. ఆఫ్రికా క్యాట్‌ఫిష్‌ను మాత్రము చెరువులోగాని గుంటలోగాని పెంచుటకు ఎవ్వరికిని అనుమతి ఇవ్వరాదు. అది వరదకు గెడ్డలోనికి జారినచో కనబడిన చేపనెల్ల మ్రింగును. దాని పెంపకమును ప్రభుత్వము నిషేధించినది.

యాత్రికుల విషయమున ఒక మాట. చేపలకు మేత వేయుట పుణ్యమని బిస్కట్లను, మిక్చరును, కొన్నిసార్లు కాగితపు సంచితో సహా నీటిలో విసరువారున్నారు. మడుగులో నీరు తక్కువైన వేసవిలో మిగిలిపోయిన తిండి కుళ్లి నీటిలోని ప్రాణవాయువును హరించును. మహాశీర్‌కు ప్రాణవాయువు ఎక్కువ కావలెను. గుప్పెడు పేలాలు చాలును. సబ్బుతో స్నానము, బట్టల ఉతుకుడు మడుగునకు దిగువన జరుగవలెను. జాతర ఏర్పాట్లను చూచు పంచాయతీ దీనిని దుకాణముల వేలమునాడే షరతుగా వ్రాసికొనినచో తరువాత తగవు ఉండదు.

ప్రతి పంచాయతీ తన గెడ్డలో ఒక మత్స్యగుండమును ఏర్పరచుకొనుటకు అధికారము కలదా? కలదు. రాజ్యాంగపు 11వ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన విషయములలో 5వది మత్స్యపరిశ్రమ. షెడ్యూల్డు ప్రాంతములకు వర్తించు 1996వ సంవత్సరపు పెసా చట్టము మరింత స్పష్టముగ నున్నది. ప్రజల ఆచారములను, సాంస్కృతిక విశిష్టతను, ఉమ్మడి వనరులను, తగవులు తీర్చుకొను సంప్రదాయ పద్ధతిని కాపాడుకొను సామర్థ్యము గ్రామసభకు ఉన్నదని ఆ చట్టము చెప్పుచున్నది. చిన్ననీటి వనరుల ప్రణాళికయు నిర్వహణయు తగిన స్థాయి పంచాయతీలకు అప్పగింపబడవలెననియు అందు కలదు. మన రాష్ట్రమున 2011లో నియమములు వెలువడినవి. 2002వ సంవత్సరపు జీవవైవిధ్య చట్టము క్రింద పంచాయతీలో ఏర్పడు కమిటీ, ఊరి ప్రజల జీవవైవిధ్య పట్టికలో తమ గెడ్డ చేపల పేర్లను వ్రాసికొనవచ్చును. ఆ పేర్లను ఊరి భాషలోనే, కొండదొరలు, భగతలు, గదబలు, పోర్జలు ఎవరు ఏమని పిలుతురో అట్లే వ్రాయుట మేలు. మహాశీర్ తరువాతి మాట. రాళ్లకు నోటితో అతుకుకొను చిన్నచేపలు, వెండిగీతలు నీలిగీతలుగల వ్రేలెడు చేపలు ఎన్నియో పట్టికకు ఎక్కకుండనే పోవుచున్నవి.

అధికారము సులభము; న్యాయము కష్టము. ఏ మడుగును విడువవలెనని నిర్ణయించునపుడు అక్కడ వల వేసి బ్రతుకు రెండు మూడు కుటుంబములే నష్టపడును, లాభము ఊరంతటిది. ఆ కుటుంబములను ముందుగా అడుగక తీర్మానము చేసినచో అది కాగితముపైననే ఉండును. గట్టుకు దూరముగ నున్నవారు చేతులెత్తి, గట్టుననున్నవాని గంజిలోని నంజును తీసివేయుట ధర్మము కాదు. వారికి మరియొక మడుగులో మొదటి హక్కునో, జలాశయములో పడవ వంతునో, జాతరలో దుకాణమునో ఇచ్చి ఒప్పించుట పెద్దల పని. మడుగు కాపలాను వారికే అప్పగించినచో మరియు మంచిది; చేప కదలిక వారికంటె ఎఱిగినవారు లేరు. సాయంత్రపువేళ బుట్టలతో చిన్నచేపలను పట్టు ఆడవారి మాటయు వినవలెను. సభలో వారు మాటలాడరు; గెడ్డవద్దకే పోయి అడుగవలెను.

మొదట ఒక్క మడుగు చాలును. అదియు ఏడాది పొడవున వీలుకానిచో, తొలకరినుండి దసరా వరకు తల్లిచేపలు ఎదురెక్కు కాలమందైనను వాగు నోటివద్ద అడ్డవలలు, అడ్డముగ పెట్టు వెదురు మావులు లేకుండ చూడవచ్చును. ఆ మడుగు ఎగువన గట్టునుండి కొంతదూరము దున్నక, చెట్లను కొట్టక విడువవలెను. ఇంటిపనులకు గులకరాళ్లను అచ్చటినుండి ఎత్తరాదు.

మడుగును ఎంచుటకు వైశాఖమాసము అనుకూలము. ఆ నెలలో గెడ్డ వెంబడి వృద్ధులతో కలిసి నడిచినచో, తమ చిన్ననాటినుండి ఏ కరవునందును ఎండని మడుగు ఏదో వారు చూపగలరు. ఆ మడుగు ఎగువకు దిగువకు, వరద ముంచనంత ఎత్తున, ఒక్కొక్క రాతికి సున్నము పూసి హద్దు చూపవలెను. తీర్మానమున మడుగు పేరును, హద్దురాళ్ల గుర్తులను, తప్పు మొత్తమును వ్రాసి, దిగువనున్న రెండు పంచాయతీలకు ఒక్కొక్క ప్రతి పంపవలెను. మరుసటి వైశాఖమున, నీరు తేటగా నున్న ఉదయపువేళ, అదే వృద్ధులతో అదే గట్టున కూర్చుండి, మూరెడుకు మించిన చేపలు ఎన్ని కనబడినవో లెక్కించి పంచాయతీ పుస్తకములో వ్రాసికొనవలెను.